ఏ వాగువో తెలియని తూనీగలు

1973లో నేను హఫీజ్‌పేట్ స్టేషన్‌కి అవతల, రాతిగుట్టల మధ్య ఉన్న చిన్న కీటక పరిశోధన కేంద్రంలో స్పెసిమెన్ కీపర్‌గా చేరాను. స్పెసిమెన్ అంటే పరిశీలనకు దాచిన నమూనా. చచ్చిన పురుగులకు కాపలా ఏమిటని ఇంట్లో నవ్వేవారు. శుభ్రమంటే నాకు పిచ్చి. దానితోనే కొంప ముంచాను.

ఆ ఏడు మా శాస్త్రవేత్త వసుంధర గారు అండమాన్ కొండ అడవుల్లో మూడు వాగుల వెంట నాలుగు నెలలు తిరిగి, సన్న తూనీగలు పట్టుకొచ్చారు. మామూలు తూనీగ రెక్కలు చాచి కూర్చుంటుంది, ఇది ముడుచుకుంటుంది. వాటిలో ఒక రకం ఆ దీవుల్లో తప్ప ఎక్కడా లేదు. అదీ ఆ మూడింటిలో ఎగువన ఉన్న వాగు దగ్గరే. ఆ వాగు పక్క అడవిని కలప కోసం నరకబోతున్నారు. ఆ రకం అక్కడే ఉందని నెలాఖరులోగా రుజువు పంపితే ఆపుతామని అధికారులు మాటిచ్చారు.

తూనీగలు పాత న్యూస్‌పేపర్ పొట్లాల్లో ఉన్నాయి. మరకలు, నలుగుళ్లు, చూస్తేనే చిరాకు. ఆవిడ జ్వరంతో వారం సెలవు పెట్టగానే అన్నిటినీ తెల్లటి కొత్త కవర్లలోకి మార్చేశాను.

"పాతయి ఏం జెయ్యాలె సార్?" అన్నాడు అటెండర్ మల్లయ్య.

"పారెయ్యవయ్యా."

"పొయ్యిల ఏస్త. చాయ్‌కి అక్కరకొస్తయ్."

ఆవిడ వచ్చాక మెచ్చుకుంటారనుకున్నాను. కవర్లు తిప్పి చూసి, "పొట్లాల లోపలి మడత మీద పెన్సిల్‌తో రాశానండీ, ఏ వాగు, ఏ రోజు అని. అవేవి?" అన్నారు. దాన్నే లొకాలిటీ లేబుల్ అంటారు. అది లేనిదే స్పెసిమెన్ ఉత్త పురుగు.

"నేనే కాలవెట్టిన మేడం" అన్నాడు మల్లయ్య.

సిగ్గుతో చచ్చిపోయాను. "పారెయ్యమన్నది నేనండీ. మీ నోటుబుక్కులో లేదా?"

"ఏ రోజు ఎక్కడ తిరిగానో ఉంది. ఏ పురుగు ఎక్కడిదో లేదు."

"మీకు గుర్తుంటుంది కదండీ. ఇప్పుడు రాసేస్తే ఎవరికి తెలుస్తుంది?"

"ప్రతి ఒక్కటీ గుర్తుందండీ. కానీ నా జ్ఞాపకం రుజువు కాదు."

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ప్రతి కవరు మీదా 'స్థలం తెలియదు' అని నాచేతే రాయించారు. మళ్లీ వెళ్లి పట్టుకొచ్చేంత గడువు లేదు. మరుసటి ఏడు అడవి నరికేశారు. తర్వాత ఆవిడ వెళ్లి వాగంతా వెతికినా ఆ రకం ఒక్కటీ కనబడలేదు.

ఇంకొకరి వస్తువు సర్దే ముందు వాళ్లను అడగాలని ఆ పని నాకు నేర్పింది. ఆ వారమంతా వసుంధర గారు మూసాపేటలో ఇంట్లోనే ఉన్నారు. సైకిల్ మీద వెళ్లి అడిగితే గంట పట్టేది కాదు.