చేపల తొట్టిలో గొర్రెల ఎరువు

మా ఇంటికి చేపల తొట్టి వచ్చిన రోజు నేను మా బావతో ఒక్క మాట మాట్లాడలేదు. మరుసటి రోజు మాట్లాడినాను. మాట్లాడకుండా ఉండింటేనే మేలని ఆయన అనుకొని ఉంటాడు.

బావ అంటే నా మొగుడే. మేనత్త కొడుకు. గుంతకల్లులో గూడ్సు బండ్లకు గార్డు. ఎనభైలు మొదలైన కొత్తలో మేం రైల్వే క్వార్టర్సులో ఉంటిమి. రెండు గదులు, వెనక చిన్న దొడ్డి, వరసకంతా కలిపి ఒకటే కొళాయి. ఆయన బెంగళూరుకు పోయి ఆ గాజుతొట్టిని గోనెసంచుల్లో చుట్టి, రైల్లో ఒళ్ళో పెట్టుకొని తెచ్చినాడు. దాంతో పాటు గులాబీరంగు గులకరాళ్ళు, ప్లాస్టిక్ కోట ఒకటి, వెనక అతికించే నీలం కాగితం, బుడగలు వదిలే చిన్న మిషను, సంచిలో నీళ్ళు పోసి మూతి కట్టిన చేపలు. బల్ల మీద అన్నీ సర్ది, లైటేసి, "చూడు మే, ఎంత బాగుండాదో" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఎందుకో చెప్తా. అంతకు ముందు ఎండాకాలం నాకు కాన్పు కష్టమయింది. నెలలు నిండకుండానే నొప్పులొచ్చినాయి. ఆసుపత్రిలో నాకు తెలివి తప్పింది. తెలివొచ్చేటప్పటికి నా పక్కన బిడ్డ లేదు. పోయిందని చెప్పినారు, అంతే. ఆడబిడ్డో మగబిడ్డో కూడా ఎవరూ చెప్పలేదు. మా పక్క అంతే, చెప్తే అది తల్లి మనసులో పడిపోతాదని, మళ్ళా కడుపు పండదని పెద్దోళ్ళు ఆ మాటే ఎత్తనీరు. బావకు తెలుసు. కానీ అడిగితే ఆయనేమైపోతాడో అని నాకు భయం, చెప్తే నేనేమైపోతానో అని ఆయనకు భయం. కొళాయి వచ్చిందా, బియ్యం అయిపోయినాయా, చొక్కా గుండీ ఊడింది, ఇట్లాంటివన్నీ మాట్లాడుకుంటాం. ఆ ఒక్కటి తప్ప.

అట్లా ఉన్న ఇంట్లోకి చేపలు తెస్తే నాకేమనిపిస్తాది? బిడ్డకు బదులు చేపలా అనిపించింది. ఆ మాట మింగేసి, మరుసటి రోజు వేరే మాట అన్నాను. "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత! మనం తాగేదానికే నీళ్ళు లేవు, ఈటికి మేడ కట్టినావా?" అన్నా. ఆయన బూట్లేసుకొని డ్యూటీకి పోయినాడు.

పక్కింట్లో ఒక అక్క ఉండేది. బళ్ళారి పక్కామె, మొగుడు ఇంజన్ డ్రైవరు. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. ఆమె వచ్చి తొట్టిని ఈ పక్కనుంచి ఆ పక్కనుంచి చూసి, "ఏనమ్మా, మీ ఇంట్లోనే తుంగభద్ర డ్యాం కట్టినారు కదా. గేట్లెప్పుడు ఎత్తుతారు? మా బిందెలు తెచ్చుకుంటాం" అని ఒకటే నవ్వు.

చేపల్లో నల్లవి కొన్ని ఉండె. మోలీలంటారని బావ చెప్పినాడు. ఒకదాని కడుపు రోజురోజుకూ లావెక్కుతాంది. తిండి ఎక్కువై అనుకున్నా. ఒక మధ్యాహ్నం చాటలో బియ్యం ఏరుకుంటా దాని పక్క చూస్తే, దాని కిందనుంచి నల్లనువ్వు గింజంత పిల్ల ఒకటి జారి, వెంటనే ఈదుకుంటా పైకి పోయింది. వెనకాలే ఇంకొకటి. నా చేతిలో చాట ఆగిపోయింది. చేప గుడ్లు పెడతాదనే ఎరుగుదును గానీ, కంటాదని నాకెవరు చెప్పినారు? నేను ముక్కు గాజుకు ఆనించి చూస్తాంటే, ఆ తల్లి తిరిగి చూసి, దాన్నే మింగేసింది. తక్కిన చేపలు కూడా ఎగబడినాయి. దాక్కునేదానికి ఆ తొట్టిలో ఏముంది? నున్నటి రాళ్ళు, ఒక కోట.

"ఛీ, దొంగముండా! నీ బిడ్డనే తింటావా! ఎంతమందికి దొరకలేదే నీకు దొరికిన బిడ్డ!" అని గాజు మీద దబదబ కొట్టినా. మొగుడితో పోట్లాడుతాండానేమో అని పక్కింటక్క పరిగెత్తుకొచ్చింది. ఆమె వచ్చేలోపల పిల్లలన్నీ అయిపోయినాయి.

బావ వచ్చినాక జరిగింది చెప్పినా. తల గోక్కున్నాడు. "అంగడాయన చెప్పినాడు మే, పాచీ ఆకులూ గుబురుగా ఉంటే పిల్లలు దాక్కొని బతుకుతాయంట. మొక్కలు తీసుకోమన్నాడు. నాకు కోట బాగుందనిపించి కోట తెచ్చినా."

"ఎవరు ఏలేదానికి ఆ కోట? తీసి అటక మీద పడెయ్యి. ఈ తొట్టి ఇంక నేను సర్దుతా. నువ్వు చెయ్యి పెట్టొద్దు."

"సరే సరే, నీ ఇష్టం" అన్నాడు. ఆ మాట కోసమే ఇన్నాళ్ళూ కాచుకున్నట్టుండాది ఆయన మొగం. నవ్వేవాళ్ళు నవ్వనీ, ఆ తొట్టిలో ఒక్క పిల్లన్నా బతకాలని నాకు పట్టుకుంది. అన్నం తింటాన్నా అదే, కొళాయికాడ నిలబడినా అదే.

మా పుట్టిల్లు ఉరవకొండ పక్క పల్లె. వాన పడితే చెనిక్కాయ పంట, పడకపోతే ఆకాశం చూసుకుంటా కూర్చోవడం. కానీ ఊరికి కొంచెం దూరంలో కాలువ పోతాది. నేను పోయి చెప్తే నాయన పంచె ఎగ్గట్టి కాలువలో దిగినాడు. పొడుగ్గా నాడాల మాదిరి ఉండే పాచి ఒకటి, నక్కతోక మాదిరి గుబురుగా ఉండేది ఒకటి, వేర్లతో సహా పీకి తడి గోనెసంచిలో పెట్టినాడు. "ఇన్నేండ్లూ ఈ దరిద్రాన్ని పీకి పారేస్తిమి. నా బిడ్డ దీన్ని బస్సులో తీసుకపోతాంది" అని నవ్వినాడు. ఎందుకని అడగలేదు. ఆ ఏడాది నేను ఏం అడిగినా నాయన ఎందుకని అడిగేవాడు కాదు.

ఇంక మన్ను కావాల కదా. చేలో నల్లరేగడి తవ్వి ఒక మూట కట్టినాడు. కట్టి, ఆలోచించి, "వట్టి మంట్లో ఏం బతుకుతాది పాపా? ఎరువు పడాల" అన్నాడు. నాకూ నిజమే అనిపించింది. సేద్యగాళ్ళ బిడ్డను, అనిపించకుండా ఎట్లుంటాది? ఆ ఏడాది గొర్రెల మందను రాత్రిళ్ళు నిలిపిన చేను నుంచి, మాగిన ఎరువు ఏరి ఏరి ఒక సంచి నింపినాడు. ఆ ఎరువంటే మా పక్క బంగారంతో సమానం. అడిగినా ఎవరికీ ఇయ్యడు. బస్సెక్కితే కండక్టరు మూటలు చూసి, "ఏమక్కా, గుంతకల్లులో సేద్యం పెడతాండావా?" అన్నాడు. "అవునన్నా, మడి చేస్తాండా, కూలికి వస్తావా?" అన్నా. బస్సంతా నవ్వింది.

చేపల్ని ఇత్తడి గంగాళంలోకి మార్చినా. పాత నీళ్ళు చెంబు చెంబుగా తోడి దొడ్లో కరివేపాకు చెట్టుకు పోసినా. మా ఊర్లలో నీళ్ళు పారబోసే చెయ్యి ఎవరికుంది? తొట్టి అడుగున ఎరువు పరిచి, పైన రేగడి, ఆ పైన వంక ఇసక. తర్వాత నాటడం. నాకు తెలిసిన నాటు ఒకటే కదా, సాళ్ళు పెట్టినా. చెనిక్కాయ సాళ్ళ నడమ కంది సాలు వేసినట్టు, గుబురు పాచి వరసలు, వాటి నడమ పొడుగు పాచి వరస. మన్ను రేగకుండా ఒక పళ్ళెం బోర్లించి, దాని మీద సన్నగా నీళ్ళు పోసినా. డ్యూటీకి పోతా పోతా బావ గడపలో నిలబడి చూసి, "చేపలకు మాగాణి రాసిచ్చినావు కదమే!" అన్నాడు. నల్లచేపకు మళ్ళా కడుపు కనపడతాంది. దాన్ని వదిలితే సాళ్ళల్లో తిరుగుతాంది. అబ్బ, నా కండ్లే కుట్టేటట్టుంది ఆ తొట్టి.

తెల్లారి లేస్తే ఇంట్లో ముక్కు పెట్టలేం. తొట్టిలో నీళ్ళు టీ డికాషను మాదిరి అయిపోయినాయి. అడుగునుంచి బుడబుడమని బుడగలు. చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరిచి తెరిచి మూస్తాండాయి. రెండు వెల్లకిలా తేలినాయి. బావ యాడుండాడో, రాయచూరు దాటినాడో లేదో. కొళాయి ముందురోజే వచ్చి పోయింది, మళ్ళా ఎప్పుడొస్తాదో ఆ దేవునికే ఎరుక. ఇంట్లో తాగేదానికి బిందె అడుగున కొంచెం మిగిలుంటే అది గంగాళంలో కుమ్మరించి చేపల్ని అందులో వేసినా. అడుగు కూడా మునగలేదు. పక్కకు పడిపోతా ఈదుతాండాయి.

పక్కింటక్క కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని వచ్చింది. "ఎవరింట్లో ఏం చచ్చిందమ్మా?" అంటా తొట్టిలోకి వంగింది. సంగతి చెప్పినా. "గొర్రెల ఎరువా! చేపలకా! అయ్యో నా శివనే!" అని గోడ పట్టుకొని నవ్వింది. నవ్వుతానే నా పక్క తిరిగింది. నేను మోచేతులదాకా బురదతో నేల మీద కూర్చొని ఏడుస్తాండా.

"అక్కా, దాని కడుపులో పిల్లలుండాయి" అన్నా.

ఆమె నవ్వు ఆగిపోయింది. ఆసుపత్రిలో నా కాళ్ళకాడ కూర్చున్నది ఆమే. గబగబా బయటికి పోయింది. చంకన నిండు బిందెతో తిరిగొచ్చి గంగాళంలో వంచింది. "ఉండు" అని మళ్ళా పోయింది. వరసలో ఆమె గొంతు వినపడతాంది, తలుపు తలుపుకూ నిలబడి చెప్తాంది. కొంచెంసేపటికి ఆడోళ్ళు ఒకరెనక ఒకరు వచ్చినారు, బిందెలతో, బకెట్లతో. నిండు ఎండాకాలం. ఎవరింట్లోనూ చెంబు నీళ్ళు ఎక్కువ లేవు, నాకు తెలీదా? నోరు మంచిదైతే ఊరు మంచిదవుతాది అంటారు. నా నోరు ఏ పొద్దూ మంచిది కాదు. కొళాయికాడ నాతో తిట్లు తినని ఆడది ఆ వరసలో లేదు. అట్లా తిట్టుకొని నాతో మాటలు మానేసిన ఆమె కూడా వచ్చింది. బిందె ఠక్కున దించి, "నీకు కాదు, ఆ కడుపుతో ఉండేదానికి" అని చెప్పి పోయింది.

కొళాయి నీళ్ళల్లో మందు ఉంటాదని, అది పోయేదాకా నిలవ ఉంచితేనే చేపలకు మంచిదని తర్వాత ఎవరో చెప్పినారు. మా కరువు ఊర్లో నిలవ లేని నీళ్ళు ఎవరింట్లో ఉంటాయి?

అక్కా నేనూ కలిసి తొట్టిని దొడ్లోకి మోసి బురదంతా ఊడ్చినాం. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అని ఆమె సణుగుతానే ఉండాది, చేతులు మాత్రం ఆగలేదు. ఈసారి ఎరువు లేదు, రేగడి లేదు, సాళ్ళు లేవు. కడిగిన ఇసక, అంతే. పాచిని గుప్పెడు గుప్పెడు రాళ్ళకు దారంతో కట్టి ఒక మూలంతా దట్టంగా దించినాం. వేలు దూరే సందు కూడా లేదు. ఆ ఎరువు మాత్రం కరివేపాకు చెట్టుకు పోయింది. చేపలు శానా చచ్చిపోయినాయి. నల్లచేప బతికింది.

బురద గండం గడిచి రోజులయినాక, ఒక పొద్దున ఆ పాచి మూలలో నాకు కండ్లు కనపడినాయి. కండ్లంటే కండ్లే, ఆవగింజలో సగం. ఆకు వెనక నక్కి ఉండాది. తల్లి అటు వచ్చి మూతి దూర్చి చూసింది, పట్టలేదు, మరలిపోయింది. నేను పొయ్యి మీద కూర సంగతే మరిచిపోయినా.

బావ డ్యూటీ దిగి మధ్యాహ్నం వచ్చినాడు. పెట్టె కింద పెట్టనీయకుండా చెయ్యి పట్టి లాక్కొనిపోయి తొట్టి ముందర కూర్చోబెట్టినా. "యాడ? యాడుండాది?" అని వెతుకుతాండాడు. వేలితో చూపిస్తే, "ఆ... ఉండాది! మే, ఉండాది! బతికుండాది!" అని చిన్నపిల్లోని మాదిరి అరిచినాడు. ఆ అరుపు వినేటప్పటికి నాకు ధైర్యమొచ్చింది. ఆయన పక్క చూడకుండా, తొట్టిలోకే చూసుకుంటా అడిగినా.

"బావా, మన బిడ్డ ఆడబిడ్డా, మగబిడ్డా?"

ఆయన కూడా ఆ చేపపిల్ల మీదనుంచి చూపు తిప్పలేదు.

"పాప" అన్నాడు.

"ఎవరి మాదిరి ఉండె?"

"నీ మాదిరే. తలనిండా వెంట్రుకలు. గుప్పిట్లు గట్టిగా బిగించుకొని ఉండె."

"నువ్వు ఎత్తుకున్నావా?"

"ఎత్తుకున్నా. నర్సమ్మ చేతికిచ్చింది. కొంచెంసేపే."

అంతదాకా నేను చచ్చి పుట్టిందనే అనుకుంటాన్నా. "అంటే... బతికి పుట్టిందా?"

"ఒక్కసారి ఏడ్చింది మే. నేను విన్నా."

నా బిడ్డ ఏడ్చిందంట. నేను ఆడనే ఉండి వినలేదు. కండ్లనుంచి నీళ్ళు కారిపోతాండాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"ఎట్లా ఏడ్చింది?" అన్నా.

ఆయన నా మొగం పక్క చూసినాడు. నేను ఊరికే అడగడం లేదని తెలిసింది. యూనిఫారం కూడా విప్పలేదు, అట్లే బాసింపట్టేసుకొని కూర్చొని, కండ్లు మూసుకొని, అంత మనిషి, గొంతులోనుంచి సన్నగా, చిన్నగా, పిల్లిపిల్ల మాదిరి ఏడ్చి చూపించినాడు.

"ఇంకొకసారి బావా" అన్నా.

మళ్ళా ఏడ్చినాడు.