క్లోజర్ ఫైల్లో లస్కరు కాగితం

మా కాలువల ఆఫీసులో పాత ఫైళ్ళ సిస్టం తీసేసి కొత్తది పెడుతున్నారంటే అందరికంటే ఎక్కువ సంబరపడింది నేనే. పాత కంప్యూటరు ఆన్ చేసి, క్యారేజీ బల్ల మీద పెట్టి, మొహం కడుక్కుని వచ్చినా అది ఇంకా తెరుచుకునేది కాదు. దాన్ని తిట్టని రోజు లేదు. నిడదవోలు నుంచి రోజూ రైల్లో వచ్చే మనిషిని, నా ఓపిక సగం దార్లోనే అయిపోయేది. మిగతా సగం అది తినేసేది.

కొత్త సిస్టం పెట్టడానికి వచ్చిన కంపెనీ అమ్మాయి, ఏ ఫైళ్ళు ఉంచాలో ఏవి అక్కర్లేదో గుర్తు పెట్టమని నాకు జాబితా ఇచ్చింది. ఉంచేవి కొత్తదాంట్లోకి వెళ్తాయి. మిగతావి పాత కంప్యూటరుతో పాటే పోతాయి. అసలు కాగితాలు స్కాన్ అయ్యాక ఎప్పుడో తుక్కుకి వెళ్ళిపోయాయి. సీనియర్ అసిస్టెంటుని కదా, ఎవరినీ అడగకుండా టిక్కులు పెట్టుకుంటూ పోయాను. వేసవిలో కాలువలు కట్టేసి, పూడిక తీసి గట్లు బాగుచేసే పనులని మేం క్లోజర్ పనులంటాం. ఆ పాత ఫైళ్ళన్నిటికీ ఒక్క ఊపులో 'అక్కర్లేదు' అని కొట్టేశాను. ఎప్పుడో తీసిన పూడికతో ఇప్పుడెవరికి పని?

కొత్త సిస్టం నడవడం మొదలైన వారానికి ఒక అమ్మాయి వచ్చింది. వాళ్ళ నాన్న లాకుల దగ్గర లస్కరు. నీటి తలుపులు ఎత్తడం, దించడం ఆయన పని. సర్వీసులో ఉండగానే గుండెపోటుతో పోయాడు. ఆయన బదులు ఇంట్లో ఒకరికి ఇచ్చే ఉద్యోగానికి ఈ అమ్మాయి దరఖాస్తు పెట్టుకుంది. ఆయన్ని పర్మినెంటు చేసిన ఉత్తర్వు చూపిస్తే తప్ప అది కదలదు. ఇంట్లో కాపీ వరదకి పోయింది.

"మా నాన్నగారి పేరు మీద ఏమీ లేదంటున్నారండి. మీరొక్కసారి చూడండి మేడం" అంది.

పేరు కొట్టగానే, రెప్పపాటులో 'రికార్డు లేదు' అని వచ్చింది. ఇంత తొందరగా లేదని చెప్పే మిషను కోసమా నేను ఇన్నాళ్ళూ ఎదురుచూసింది అనుకున్నాను. రేపు రమ్మని పంపేశాను. ఆ పిల్ల మెట్లు దిగుతుండగా గుర్తొచ్చింది. 

మా ఆఫీసులో ఒక అలవాటు ఉండేది. సిబ్బంది అర్జీలు మామూలుగా అప్పటి ఆఫీసరు గారి బల్ల మీద నెలల తరబడి పడుండేవి. క్లోజర్ ఫైలు మాత్రం పొద్దున్న వెళ్తే సాయంత్రానికి సంతకంతో తిరిగొచ్చేది. కాలువలకి నీళ్ళు వదిలే రోజు ముంచుకొస్తుంటుంది కదా. అందుకని ఎవరి మీద జాలి కలిగితే వాళ్ళ కాగితం ఆ ఫైలు మధ్యలో కలిపి పంపేవాళ్ళం. సంతకం అయ్యాక విడదీయాలి. బద్ధకించి అక్కడే వదిలేసేవాళ్ళం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ లస్కరు ఉత్తర్వు కలిపింది నేనే. ఆయన సైకిలు మీద వచ్చి, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నిలబడేవాడు. ఉత్తర్వు చేతికిచ్చిన మర్నాడు కొబ్బరి బొండాలు తెచ్చి ఆఫీసందరికీ కొట్టిచ్చాడు. అలాంటి మనిషి కాగితాన్ని పూడికతో పాటు కొట్టేశాను.

కంపెనీ అమ్మాయి దగ్గరికి పరిగెత్తాను. "పాత కంప్యూటరు వరండాలోనే ఉందండి. ఎల్లుండి లారీ వస్తుంది" అంది. లోపలికి తెప్పించి ఆన్ చేశాను. ఈసారి అది ఎంతసేపు ఆగినా పల్లెత్తు మాట అనలేదు. క్లోజర్ ఫైళ్ళన్నీ ఒక్కో పేజీ తిప్పుకుంటూ ఆ రోజంతా చూశాను. మర్నాడు లస్కరు కూతురు వచ్చి బెంచీ మీద కూర్చుంది. నేను తల తిప్పి చూడలేకపోయాను. మధ్యాహ్నం దాటాక, ఒక తలుపు మరమ్మతు అంచనాకీ గట్టు కొలతలకీ మధ్యన దొరికింది. మూల మీద నా పొట్టి సంతకం ఉంది. నాకు ఏడుపు ఆగలేదు.

కానీ అది ఇన్నాళ్ళూ అక్కడెందుకుందో నోటు రాస్తేనే ఆయన పేరు మీద ఎక్కించడం కుదురుతుంది. ఆఫీసరు గారు మంచివారు. "ఎవరో పొరపాటున కలిపారని రాసెయ్యండి. ప్రమోషన్ లిస్టులో ఉన్నారు, మీకెందుకండీ తలనొప్పి?" అన్నారు. ఒక్క క్షణం ఆశ పుట్టిన మాట నిజమే. అయితే ఎవరో కలిపారంటే పైవాళ్ళు దాన్ని దొంగ కాగితం అనుకోరూ? కలిపింది నేనేనని, చూడకుండా కొట్టేసింది కూడా నేనేనని రాసి సంతకం పెట్టాను.

ఆ అమ్మాయికి ఉద్యోగం వచ్చింది, మా ఆఫీసులోనే. పని నేర్పమని నా పక్కనే కుర్చీ వేశారు. చేరిన రోజు, స్కాన్ చేయమని ఆనాటి తపాలా కట్ట ఆమె ముందు పెట్టాను. పైన ఉన్నది నాకు వచ్చిన మెమో. ప్రమోషన్ లిస్టులోంచి నన్ను తీసేశారని, ఎందుకో కారణంతో సహా అందులో ఉంది. అంతా చదివి, దాన్ని కట్ట అడుక్కి తోసేసింది.

నేను దాన్ని తీసి మళ్ళీ పైన పెట్టాను.

"ఏ ఫైల్లో పెట్టమంటారండీ?" అని మెల్లగా అడిగింది.

"నా ఫైల్లో పెట్టమ్మా" అన్నాను.