చెవుల్లో దూది

నేను బడిలో సైన్సు చెప్తాను. ఆ రోజు ధ్వని పాఠం. ఇంజను హోరులో విమానం నడిపేవాళ్లకు హెడ్‌సెట్‌లో మాటలెలా వినపడతాయని పిల్లలడిగారు. చెవిని మొత్తం కప్పే గట్టి డిప్ప, దాని అంచున మెత్తటి దిండు. సందు లేకుండా అతుక్కుంటే చాలా చప్పుడు బయటే ఆగిపోతుంది. మిగిలిన హోరును లోపలి చిన్న మైకు పట్టుకుంటే, దానికి సరిగ్గా ఎదురు అలను స్పీకరు వదులుతుంది. ఒకటి లేచేచోట రెండోది దిగుతుంది, హోరు అణిగిపోతుంది.

చెవుల్లో దూది పెట్టుకుంటే చాలదా అన్నారెవరో. చాలదన్నాను. దూది నిండా గాలి సందులే, చప్పుడు వాటిలోంచి దూరిపోతుందన్నాను. అంటూనే ఆగిపోయాను. మా అక్క గుంటూరు దగ్గర ఒక పత్తి మిల్లులో గింజ తీసే యంత్రాల పక్కన నిలబడి పనిచేస్తుంది. చెవుల్లో దూది పెట్టుకునే వెళ్తుంది.

ఆ సాయంత్రం అక్క ఇంటికి వెళ్లాను. టీవీ వీధి చివరికి వినిపిస్తోంది.

"ఎప్పట్నించి ఇట్టా ఉందక్కా?"

"చప్పుడు వినపడుద్దే. మాటే తెలియట్లా. చర్చిలో అయ్యగారు చెప్పేది గొణుగుతున్నట్టుంటది."

చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. లోపలి సన్నని కణాలు ఆ చప్పుడుకు దెబ్బతిన్నాయనీ, పోయినవి మళ్లీ పుట్టవనీ మెల్లగా చెప్పాడాయన. బయటికి రాగానే అక్క నా చెయ్యి పట్టుకుంది.

"ఏమన్నాడే?"

చెప్పాను. అక్కకు అర్థం కాలేదు. వరండాలో అంతమంది రోగుల మధ్య "ఇంక తిరిగి రాదంట అక్కా!" అని అరవాల్సి వచ్చింది. అందరూ మావైపు చూశారు. నా జన్మలో అంత కోపం ఎప్పుడూ రాలేదు.

మర్నాడు మిల్లుకి వెళ్లాను. మేనేజరు గదికి రెండు వరసల అద్దాల తలుపు. అది మూసుకోగానే యంత్రాల రొద ఎక్కడో దూరంగా వెళ్లిపోయింది. తన చెవులు ఎలా కాపాడుకోవాలో ఆయనకు బాగానే తెలుసన్నమాట.

"దూది పెట్టుకోమని మేమే చెప్పామండీ టీచరు గారూ. మా దగ్గర దూదికేం కరువు?" అని నవ్వాడు.

"ఆ నవ్వు ఆపండి. ఆ తలుపు తెరిచి, మీరూ దూది పెట్టుకుని ఇక్కడే కూర్చోండి చూద్దాం" అన్నాను.

"వయసు మీద పడితే ఎవరికైనా వినపడదండీ."

మా అక్కకింకా నలభై ఐదు నిండలేదు. బల్ల మీద చెయ్యి చరిచాను. వాచ్‌మన్ వచ్చి నన్ను బయటికి పంపాడు.

గేటు దగ్గర టీ తాగుతున్న ఆడవాళ్లకు అంతా చెప్పాను. పైలట్లవి అక్కర్లేదు, మామూలు డిప్పలు చాలన్నాను. వాళ్లలో ఒకామె గ్లాసు కిందపెట్టి, "నా కూతురు ఫోన్లో మాట్లాడితే నాకూ తెలియట్లేదమ్మా. ఈ పాడు మిషన్లేనా?" అంది. తర్వాతి సోమవారం ఒక్కరూ లోపలికి వెళ్లలేదు. పత్తి లోడు లారీలు రోడ్డు పొడుగునా ఆగిపోయాయి. లారీలు ఆగాకే మేనేజరుకు చెవులు గుర్తొచ్చాయి, డిప్పలు తెప్పించాడు. తీరా చూస్తే దుమ్ముకని తలకు కట్టుకున్న తువ్వాలు మీదే పెట్టుకుంటున్నారు. ఎలా పెట్టుకోవాలో ఒక్కరూ చెప్పలేదు! మళ్లీ గేటు దగ్గరికి వెళ్లి, తువ్వాలు చెవుల వెనక్కి తీసి, దిండు చర్మానికి ఆనేలా పెట్టుకోమని చూపించాను.

అక్క పని మానేసింది. చెవికి పెట్టుకునే మిషను కొన్నాం. అది చప్పుడు పెంచుతుంది గానీ, మాటను విడదీసి ఇవ్వలేదు.

మొన్న అక్కతో ఆటోలో అటు వెళ్తుంటే మిల్లు గేటు మీద కొత్త ఫ్లెక్సీ కనపడింది. డిప్పలు పెట్టుకున్న ఆడవాళ్ల ఫోటో, కింద 'కార్మికుల ఆరోగ్యమే మా ధ్యేయం'. అక్క కూడబలుక్కుని చదివింది.

"ఆటో ఆపరా!" అని కేకేసింది, తన గొంతు ఎంత పెద్దదో తనకే తెలియక.

నేను ఆపొద్దనలేదు.