తలుపు అడుగు మేకులు

విమానాశ్రయం పక్కనున్న సాతంరాయిలో నరసింహమూర్తిగారి గృహప్రవేశానికి సర్వం సిద్ధమైంది, తలుపు తప్ప. అది వానకు ఉబ్బి గడపను కరుచుకుంది. ముహూర్తం దాటేలోగా తెరవకపోతే వడ్రంగి వీరాచారికి ఆ చుట్టుపక్కల ఇక పని దొరకదు. పైన విమానాలు మాత్రం వేళకు దిగుతున్నాయి.

పసుపు పూసిన గడపమీద కత్తి పెట్టరాదన్నారు పంతులుగారు. అంటే తలుపు అడుగే కోయాలి. వీరాచారి ఇరుకు సందుల్లో అదురుతూ కోసే మిషను తీసి, చెక్క కోసే బ్లేడు బిగించాడు. కాసేపటికే దాని పళ్లన్నీ రాలిపోయాయి. తలుపు పొట్టిదైందని అడుగున పట్టీ వేసి మేకులు కొట్టిన మహానుభావుడెవరో అతనికి అప్పుడు గుర్తొచ్చింది. తానే.

"ఇల్లు కట్టడానికి కూడా ఇంతసేపు పట్టలేదయ్యా!" అన్నారు మూర్తిగారు.

"ఏం కాలే సార్, బ్లేడు మారుస్తున్న, గంతే."

మిగిలినవాటిలో ఒకటి టైల్స్ సందులు గీకేది, ఒకటి గరుకు కాగితం అంటించేది, ఒకటి ఇనుము కోసేది. వీరాచారి దేవుణ్ణి తలుచుకుని ఇనుము బ్లేడు పెట్టాడు. అది మేకులను కోసింది, చెక్కను కాల్చింది.

"హోమం లోపల కదా చెయ్యాల్సింది, పొగ బయటే వస్తోందేమిటండీ?" అని మూర్తిగారి భార్య విజయ భర్తను అడిగింది.

"జర ఆగుండ్రి అమ్మా, అయిపోతది!" అంటూ వీరాచారి ప్రాణం పెట్టి భుజంతో నెట్టాడు. తలుపు తెరుచుకుంది. దాంతోపాటే అతనూ లోపల పడ్డాడు.

అలా ఆ ఇంటి గృహప్రవేశం సుముహూర్తంలోనే జరిగింది. చేసింది వీరాచారి, ఎడమకాలితో. పంతులుగారు మళ్లీ పంచాంగం తీశారు.