అవ్వ జవాబు

ఒసాకాలో వీడియో గేములకు కథలు రాసే మియోకోకి ముక్కుమీద కోపం. ఆమె కొత్త ఆటలో వీరుడు ప్రతి పోరాటం తర్వాతా ఒక సత్రానికి చేరి, గుమ్మంలో చెప్పులు విప్పుతూ "వచ్చేశాను" అంటాడు. లోపల కాసేపు చప్పుడుండదు. ఆ తర్వాతే సత్రం అవ్వ "వచ్చావా నాయనా" అంటుంది.

"ఆ కాసేపూ దండగ కదండీ, తీసేద్దామా?" అన్నాడు ప్రోగ్రామర్ తత్సురో.

"తీసేస్తే నీ పోరాటాలు ఎవడాడతాడోయ్? అవ్వ ఉందో పోయిందోనని ఆడేవాడు ఆ కాసేపూ ప్రాణాలు ఉగ్గబట్టుకుంటాడు. అందుకే మళ్లీ మళ్లీ వస్తాడు."

"మరి చివరి ఘట్టంలో వెంటనే పలుకుతుందేం?"

"అవ్వకి మోకాళ్ల నొప్పులు. లేచి గుమ్మందాకా వస్తేగానీ పలకదు. వెంటనే పలికిందంటే, అక్కడ కాచుక్కూర్చున్నది అవ్వ కాదు."

తత్సురో ఆ కాసేపును అలాగే ఉంచేశాడు.

ఆ సాయంత్రం మియోకో ఇంటి తాళం తీసింది. మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచొచ్చి పలకరించే అమ్మ పోయాక ఆ ఇంట్లో ఇంకెవరూ లేరు. అయినా అలవాటు పోలేదు. వంగి చెప్పులు విప్పుతూ "వచ్చేశాను" అంది.

ఆ మాట పూర్తికాకముందే, తలుపు పక్కనుంచే అమ్మ గొంతు పలికింది.

"వచ్చావా తల్లీ."