భీమిలి ఒడ్డున మా ట్రైలర్‌కి కత్తెర పడిన రోజు

మా మీడియా కోర్సులో ఈ సెమిస్టర్‌కి రాత పరీక్ష బదులు ఒక పని ఇచ్చారు. ఇద్దరిద్దరు కలిసి తాము తీయబోయే చిన్న సినిమాకి రెండు నిమిషాల ట్రైలర్ చేయాలి, పోస్టర్ వేయాలి, కాలేజీతో సంబంధం లేని యాభై మందికి చూపించి వాళ్ళేమన్నారో రాసుకురావాలి. నేనూ, నా క్లాస్‌మేట్ సూరిబాబూ ఒక జట్టు. సూరిబాబుది శృంగవరపుకోట దగ్గర రైతు కుటుంబం. కెమెరా వాడిది, ఎడిటింగ్ నాది, గొడవలు ఇద్దరివీ. మేం ఎంచుకున్నది చేపల గంపతో షేర్ ఆటో ఎక్కే ఒకావిడ కథ. పక్కన కూర్చున్నవాళ్ళు వాసనకి ముక్కు మూసుకుంటారు, ఆవిడ బాధపడుతుంది. ఆ వేషానికి నటి కోసం వెతుకుతుంటే భీమిలిలో నిజంగా గంప మోసే నూకాలమ్మే దొరికింది. డబ్బు అడగలేదు, ఒక్క షరతు మాత్రం పెట్టింది. "మా ఒడ్డోల్లందరం సూసినాకే బయటెట్టాల. మాకు నచ్చకపోతే తీసీయాల." అలాగే అన్నాం. తలూపడానికి ఏం పోయింది!

ట్రైలర్ పూర్తయ్యాక క్లాసులో వేస్తే ఒకటే చప్పట్లు. ఆఖరి షాట్‌లో నూకాలమ్మ పమిట చెంగుతో మొహం ఒత్తుకుంటుంది. అది చూసి ఇద్దరు అమ్మాయిలు నిజంగానే కళ్ళు తుడుచుకున్నారు. ఇక నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. యూట్యూబ్‌లో అప్‌లోడ్ చేయడానికి గడువు గురువారం సాయంత్రం అయిదు. బుధవారం రాత్రి భోంచేస్తుంటే షరతు గుర్తొచ్చింది. వెంటనే ఫోన్ చేస్తే నూకాలమ్మ, "రేపు గాలి ఎక్కువుంది, పడవలెల్లవు. ఒడ్డునే ఉంతాను, రండి" అంది. ఆవిడ వద్దంటే ట్రైలర్ లేదు, ట్రైలర్ లేకపోతే సెమిస్టర్ మార్కులు లేవు. అయినా ఆవిడ వద్దంటుందన్న అనుమానం నాకు వీసమెత్తు కూడా రాలేదు.

మా ఇల్లు దువ్వాడలో. నాన్న స్టీల్ ప్లాంట్ ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాం. సూరిబాబు కూడా చదువు కోసం ఇక్కడే గదిలో ఉంటున్నాడు. దువ్వాడలో పొద్దున్నే పాసింజరు ఎక్కితే పది రూపాయల టికెట్‌తో విశాఖపట్నం స్టేషన్‌కి అరగంట ప్రయాణం. అయితే ఊళ్ళోకి వచ్చే ముందు సిగ్నల్ దగ్గర నిలబెట్టారంటే ఎప్పుడు కదులుతుందో ఎవరూ చెప్పలేరు. మమ్మల్ని ఇరవై నిమిషాలు నిలబెట్టారు. పక్క పట్టాల మీద బొగ్గు నింపుకున్న గూడ్సు బండి ఒకటి తీరిగ్గా వెళుతుంటే సూరిబాబు దాన్ని వీడియో తీసుకున్నాడు. మీకు గంట పట్టొచ్చని లెక్క వేసుకుని బయలుదేరండి.

స్టేషన్ నుంచి ఆటోలో ద్వారకా నగర్ చేరేసరికి ఎనిమిదిన్నర. పోస్టర్లు అక్కడే తీయించాం. కలర్ జిరాక్స్ షాపులు చాలానే ఉన్నాయి. పెద్ద సైజు కాగితానికి ఇరవై రూపాయలు తీసుకున్నారు. పోస్టర్ నిండా పమిట చెంగుతో మొహం ఒత్తుకుంటున్న నూకాలమ్మ, కింద పెద్ద అక్షరాలతో "ఈ కన్నీటికి జవాబెవరు?" అన్న నా కవిత్వం. షాపాయన మొదటి కాపీని వెలుతురుకి పట్టి చూశాడు.

"ఏటమ్మా, కొత్త సినిమాయేటి? ఏడుపు బాగా వచ్చింది. ఎవులీ ఏక్టరు?"

"నటి కాదండి, భీమిలిలో చేపలమ్మే ఆవిడ" అన్నాను గర్వంగా.

ఆయన ఎంత ముచ్చటపడ్డాడంటే, అడక్కుండానే ఒకటి తన షాపు గాజు తలుపుకి అంటించుకున్నాడు. ముప్పై తీయించి, కోచింగ్ సెంటర్ల మెట్ల దగ్గర, టీ కొట్ల దగ్గర అడిగి పది అంటించాం. ఎవ్వరూ కాదనలేదు. ఈ ఊళ్ళో స్టూడెంట్స్ అంటే ఇంత ఆదరణ ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి భీమిలికి రెండు దారుల్లో బస్సులున్నాయి, ఆనందపురం మీదుగా ఒకటి, బీచ్ రోడ్డు మీదుగా ఒకటి. అడిగి ఎక్కండి. ఆడవాళ్ళకి బస్సు ఉచితం కదా, నేను ఆధార్ చూపించి సున్నా టికెట్ తీసుకున్నాను. సూరిబాబు నలభై చిల్లర ఇచ్చి, ఆ టికెట్ నాకు రెండుసార్లు చూపించి మరీ జేబులో పెట్టుకున్నాడు. "బావా, సముద్రం ఏ పక్కొస్తాది?" అని వాడు అడిగితే, కండక్టర్ వెనక్కి తిరక్కుండానే చెప్పాడు. "సూడాలంతే కుడి పక్క కూకో బావా. నిద్దరోవాలంతే ఎడం పక్క." కుడి పక్క కూర్చున్నాం. రుషికొండ దాటాక ఎండలో సముద్రం కళ్ళు చెదిరేలా ఉంది. నేను మాత్రం ట్రైలర్‌నే మళ్ళీ మళ్ళీ వేసి చూసుకుంటూ మురిసిపోయాను. అంత మంచి దారిలో గంటంబావు ఫోన్‌లోకి చూస్తూ గడిపినందుకు నన్ను మీరే తిట్టండి.

లైట్‌హౌస్ దాటి ఒడ్డుకి వెళ్ళేసరికి పదకొండు కావస్తోంది. పడవలన్నీ పైకి లాగి ఉన్నాయి. ఆడవాళ్ళు ప్లాస్టిక్ పట్టాల మీద ఎండబెట్టిన నెత్తళ్ళ చేపలు తిరగేస్తున్నారు. నూకాలమ్మకి యాభై దాటి ఉంటాయి, సన్నటి మనిషి. నడుస్తుంటే ఒళ్ళు ఊగదు, మెడ కదలదు, గంప లేనప్పుడు కూడా. "నూకాలమ్మ గారూ" అని పిలవగానే నవ్వింది. "గారేటి తల్లీ, పిన్నీ అను సాలు."

ఒక పడవ నీడలో కూర్చున్నాం. పాతికమంది దాకా చుట్టూ చేరారు. ఫోన్‌ని గంపకి ఆనించి పెట్టి, చిన్న స్పీకర్ తగిలించి ట్రైలర్ వేశాం. ఆటోలో గంప పెట్టగానే ముక్కు మూసుకునే ప్రయాణికుడు సూరిబాబే. ఆ షాట్ రాగానే అందరూ వాడి వైపు చూసి ఒకటే నవ్వు. తర్వాత వయొలిన్ మొదలైంది, నూకాలమ్మ మొహం వచ్చింది, పమిట చెంగు వచ్చింది. నవ్వులు ఆగిపోయాయి. నేను చప్పట్ల కోసం ఎదురుచూశాను.

"ఓలమ్మ, నానేడుత్తన్నానేటి?" అంది నూకాలమ్మ. "మల్లీ ఎయ్యి."

మళ్ళీ వేశాను.

"అది సెమట గదా తల్లీ! తగరపువలసలో గంప దించి మొకం తుడుసుకున్నాను. నువ్వు పక్కనే ఉన్నావు, మంచినీల్లు కూడా ఇచ్చేవు. దాన్నట్టుకొచ్చి ఇక్కడెట్టేవేటి?"

నిజమే, అది వేరే చోట, వేరే సమయంలో తీసిన షాట్. ముక్కు మూసుకోవడం చూపించి వెంటనే ఆ మొహం చూపిస్తే చెమట కాస్తా కన్నీరైపోతుంది. నా ఎడిటింగ్ గొప్పతనమే అది. తప్పు ఒప్పుకోవడానికి బదులు క్లాసు పీకడం మొదలుపెట్టాను. "సినిమా అంటే అలాగే పిన్నీ. అలా చూపిస్తేనే చూసేవాళ్ళకి మీ మీద జాలి కలుగుతుంది."

"జాలెందుకు?" ఆవిడ గొంతు పెంచలేదు. "ముప్పయ్యేల్ల బట్టి గంప మోత్తన్నాను. ఏ గుమ్మం కాడా ఏడవనేదు. రేపు ఎండాడలో నా దగ్గర కొనీవోల్లు ఇది సూత్తారు. అయ్యో పాపమని అడిగినంతా సేతిలో ఎట్టి పంపేత్తారు. రెండోసారి తలుపు తియ్యరు. బేరం ఆడినోల్లే మల్లీ పిలుత్తారు తల్లీ."

"మరే. ఏడిసే మనిసి కాడ సేపలెవులు కొంతారు?" అంది పక్కనున్న ముసలావిడ.

టైం చూశాను, పదకొండున్నర. ద్వారకా నగర్‌లో పది గోడల మీద ఆ ఏడుపు బొమ్మ ఉంది. అప్పుడు నాకు నిజంగానే ఏడుపొచ్చింది. సూరిబాబు ఇసుకలో గీతలు గీస్తూ కూర్చున్నాడు. నూకాలమ్మే వాణ్ణి కదిపింది. "ఆ రోజు ఆటోలో నానేటన్నానో అది పెట్టనేదేటి బాబూ? అందరూ నవ్వినారు గదా."

"ఉందే పిన్నీ, నా ఫోన్‌లో ఉంది" అని వాడు నా వైపు తిరిగాడు. "నువ్వే గదా తీసీమన్నావు, స్క్రిప్టులో నేదని."

అవును, నేనే. వెతికి తీసి వేశాం. వీడు ముక్కు మూసుకోగానే నూకాలమ్మ గంప సర్దుకుంటూ అంటుంది, "ముక్కు మూసుకో బాబూ, పర్నేదు. నోరు మాత్రం మూసీకు, సాయంత్రం పులుసు తినాల గదా!" డ్రైవర్‌తో సహా ఆటో మొత్తం పగలబడి నవ్వుతుంది, వాడు వేషంలో ఉన్నాడు కాబట్టి ఆ షాట్ వాడి ఫోన్‌తో నేనే తీశాను, నవ్వు ఆపుకోలేక నా చేతిలో కెమెరా ఊగిపోతుంది. ఊగిందని, స్క్రిప్టు చెడిందని ఆ ముక్క పక్కన పడేశాను. నెలంతా కథ రాసుకుని నేను తేలేకపోయిన మాట ఆవిడ గంప సర్దుకుంటూ అనేసింది. ఆవిడ మీద గౌరవం, నా మీద కోపం రెండూ ఒకేసారి వచ్చాయి.

పడవ నీడలోనే మళ్ళీ ఎడిటింగ్‌కి కూర్చున్నాను. నూకాలమ్మ నా భుజం మీదుగా చూస్తూ ఒక్కో షాట్‌కీ తీర్పు చెప్పింది. వయొలిన్ తీసేయమంది, ఆటో చప్పుడు ఉంచమంది. చెమట షాట్ వద్దనలేదు, దాని చోటుకి దాన్ని పంపమంది. తగరపువలసలో గంప దించడం, మొహం తుడుచుకోవడం, నీళ్ళు తాగడం, జరిగింది జరిగినట్టు. మధ్యలో వాళ్ళింట్లో అన్నం, కవ్వళ్ళ చేపల పులుసు పెట్టింది. గోదావరి చేపలు తిని పెరిగినదాన్ని, ఈ మాట మా అమ్మ చదవకూడదు గానీ, అంత మంచి పులుసు నేనెప్పుడూ తినలేదు. రెండున్నరకి కొత్త ట్రైలర్ వేస్తే ఒడ్డున అయిదుసార్లు వేయించుకున్నారు. జనం వస్తూనే ఉన్నారు, యాభై అభిప్రాయాలు అక్కడే నిండాయి. నూకాలమ్మ ఒక్కటే అంది. "ఇప్పుడిది నానే."

మూడున్నరకి బస్టాప్‌లో టీ తాగుతూ అప్‌లోడ్ చేసి బస్సెక్కాం. ద్వారకా నగర్‌లో దిగి, అంటించిన చోటల్లా తిరిగి పోస్టర్లు పీకాం. జిరాక్స్ షాపాయన ఒప్పుకోలేదు. "బాగున్నదాన్ని పీకేత్తారేటమ్మా?" కొత్త ట్రైలర్ చూపించాం. రెండుసార్లు చూసి, ఆయనే లోపలి నుంచి లావుపాటి మార్కర్ తెచ్చిచ్చాడు. పోస్టర్ల వెనక తెల్లగానే ఉంది కదా. సూరిబాబు గుండ్రటి చేతిరాతతో నూకాలమ్మ అన్న మాటే ముప్పై కాగితాల మీదా రాశాడు. తలుపు మీద తిరగేసి అంటించిన కాగితం ఆరకముందే ముగ్గురు ఆగి చదివి నవ్వారు.

మార్కులు బాగానే వచ్చాయి. వయొలిన్ ఉంటే ఇంకా బాగుండేదని ఒక లెక్చరర్ అన్నారు. మనుషుల కష్టాన్ని చూపించాలని కెమెరా పట్టుకుని వెళ్ళాను, వాళ్ళు ఆ కష్టాన్ని ఎంత దర్జాగా మోస్తున్నారో చూడటం మర్చిపోయాను. అది నాకు చదువులో దొరకలేదు, భీమిలి ఒడ్డున దొరికింది. మీలో ఎవరైనా ఇలాంటి పని మీద వెళితే ఒక్క సలహా. పోస్టర్ అచ్చు వేయకముందే వెళ్ళండి, ముందుగా ఫోన్ చేసి పడవలు వెళ్ళని రోజు చూసుకుని వెళ్ళండి. ఆ రోజైతేనే వాళ్ళకి మీ సినిమా చూసి తప్పులు పట్టే తీరిక ఉంటుంది.

వారం తర్వాత నూకాలమ్మ ఫోన్ చేసింది. "ఎండాడలో ఒకావిడ మీ ట్రైలర్ సూసి నన్ను గుర్తుపట్టీసింది తల్లీ. ముక్కు మూసుకోమన్నది నువ్వే గదా అని ఒకటే నవ్వు."

"కొన్నారా మరి?" అని అడిగాను.

"ఊరికే కొంతాదేటి! అరగంట బేరం ఆడింది" అంది, ఎక్కడలేని సంబరంతో.