మేకల దారి

మొన్న దసరా పూజ బజారులో మా అమ్మాయికి తెల్ల కాన్వాసు బూట్లు కొందామని పెట్టె మూత తీయగానే కొత్త రబ్బరు, గంజి పెట్టిన గుడ్డ కలిసిన వాసన గుప్పుమంది. ఖిదిర్‌పూర్‌లో మా చిన్నప్పుడు వానలు వెనకబట్టి, ఆకాశం ఉతికి ఆరేసినట్టు నీలంగా తేరుకునే రోజుల్లో ప్రతి ఇంట్లోనూ ఇదే వాసన ఉండేది. దానితోబాటే పందిళ్లకు పాతిన వెదురుబొంగుల పచ్చివాసన, ఎదురింటి బెంగాలీ మాసీమా, అంటే పిన్నిగారు, బెల్లం పాకంలో చుట్టే కొబ్బరి ఉండల వాసన, మా వంటింట్లోంచి జంతికల నూనెవాసన, రేవు వైపు నుంచి గాలి మళ్లినప్పుడల్లా ఓడల తారు, తడి గోనెల వాసన కలిసి వచ్చేవి. సాయంత్రం కరెంటు పోతే మా ఏక్‌బాల్‌పూర్ సందు సందంతా అరుగుల మీదికి చేరేది. ఆ చీకట్లో ఎక్కడో ఢాక్ డోలు మోగుతూ ఉంటే సెలవులు అయిపోతాయన్న దిగులు నాకు సెలవుల మొదటి రోజునుంచే ఉండేది.

నాన్న మునిసిపాలిటీ నీటి గొట్టాల పనిలో ఉండేవాడు. అమ్మ శ్రీకాకుళం వైపు కొండ పక్క ఊరి నుంచి పెళ్లయి నేరుగా ఆ ఒంటిగది ఇంటికి వచ్చింది. పొడుగ్గా, నల్లగా ఉండేది. గొంతు పెద్దది. కుళాయి దగ్గర ఆమె మాట్లాడితే సందు చివరికి వినిపించేది. అక్కడ పన్నెండేళ్లున్నా బెంగాలీ ఆమెకు పట్టుబడలేదు. చేపలవాడితో తెలుగులోనే బేరమాడేది, అతను బెంగాలీలోనే జవాబు చెప్పేవాడు, బేరం మాత్రం కుదిరేది. నేను బెంగాలీ బళ్లో చదువుకుంటూ, బెంగాలీ స్నేహితురాళ్లతో తిరుగుతూ, పదకొండేళ్లకే ఆమె గొంతు విని సిగ్గుపడటం నేర్చుకున్నాను.

మా వీధి క్లబ్బులో తపన్‌దా అని, మాకందరికీ అన్నలాంటి ఒకాయన ఉండేవారు. ఓడరేవులో గుమాస్తా పని, ప్రాణమంతా కొండల మీద. ఆ ఏడు దశమి వెళ్లాక పదిమంది పిల్లల్ని బాంకుడా దగ్గరి శుశునియా కొండ ఎక్కిస్తానన్నారు. ఆడపిల్లల్ని ఒంటరిగా పంపనని నాన్న అడ్డం తిరిగాడు. తపన్‌దా నవ్వి, "అయితే బౌదీ కూడా రావాలి," అన్నారు బెంగాలీలో. వదిన కూడా రావాలన్న ఆ ముక్క అమ్మకు అర్థమైపోయింది. "ఎల్తాను. కొండ సూసి ఎన్నాళ్లయిందో," అంది.

నా సంబరమంతా అక్కడే చప్పబడింది. బయల్దేరే రోజు ఆమె పులిహోర మూటకడుతుంటే పక్కన చేరి, "అమ్మా, అక్కడ తెలుగులో గట్టిగా మాటాడకే. అందరూ నవ్వుతారు," అన్నాను. ఆమె మూట ముడి బిగించింది. "సర్లేవే," అంది. హౌరాలో రైలెక్కింది మొదలు నిజంగానే నోరు విప్పలేదు. కిటికీ పక్కన కూర్చుని తెల్లటి రెల్లుపూలను, వరిచేలను చూస్తూ, పిల్లలు అడిగితే పులిహోర పెడుతూ, తల ఊపుతూ వచ్చింది. నేను కోరుకున్నది అదే అయినా నాకు ఆ దారంతా ఏమీ రుచించలేదు.

కొండ కింద ఒక రాతి బొమ్మ నోట్లోంచి చల్లటి ఊటనీళ్లు ధారకడుతున్నాయి. అవి తాగి మర్నాడు పొద్దున్నే ఎక్కడం మొదలుపెట్టాం. సాల చెట్ల మధ్య మొదట అంతా ఆటే. సగం ఎక్కేసరికి చెట్లు పలచబడి, నిలువెత్తు బండలు మొదలయ్యాయి. మోకాళ్లు గీరుకుపోయాయి, ఊపిరి గొంతులో కొట్టుకుంది, ఎనిమిదేళ్ల మా తమ్ముడు సూరి రెండుసార్లు కూలబడి ఏడ్చాడు. చిట్టచివరికి పైకి చేరి కింద పొలాలు గళ్ల చీరలా పరుచుకుని ఉండటం చూసినప్పుడు, నేనూ నా స్నేహితురాలు మిఠూ చేతులు పట్టుకుని గంతులేశాం.

దిగేటప్పుడు వాన పట్టుకుంది. ఎదుటి మనిషి కనిపించనంతగా మబ్బు కిందికి దిగింది. తలదాచుకోవడానికి దారి వదిలి ఒక పెద్ద బండ చాటుకు పరిగెత్తుతుండగా తపన్‌దా కాలు జారి పడ్డారు. చీలమండ చూస్తుండగానే పొంగిపోయింది. వాన తగ్గాక చూస్తే, వచ్చిన దారి ఎటో ఆయనకే తెలియలేదు. ఆయన ముఖం పాలిపోవడం చూసి పిల్లలు ఒకరి తర్వాత ఒకరు ఏడుపు అందుకున్నారు.

"ఊరుకోండర్రా!"

కొండంతా మోగింది ఆ గొంతు. ఏడుపులు టక్కున ఆగిపోయాయి. అమ్మ పైటచెంగు చింపి తపన్‌దా కాలికి బిగించి కట్టింది. తర్వాత వంగి, బండ కింద నేలంతా చూసి, గుప్పెడు మేక పెంటికలు తీసి నాకు చూపించింది.

"మేకలు ఈడే నిలబడతన్నాయి. సాయంత్రమయితే ఇంటికే కదా ఎల్తాయి? ఆటి దారి అట్టుకుందాం. ఈలకి సెప్పు."

నేను చెప్పాను. ఆమె తెలుగును బెంగాలీ చేసి అందరికీ వినపడేలా గట్టిగా చెప్పాను. అమ్మ పిల్లల బూట్లు విప్పించి మెడల్లో వేయించింది. సాల కొమ్మ విరిచి తపన్‌దా చేతికిచ్చి, చెరో పక్క పెద్ద పిల్లల్ని నిలబెట్టింది. పొదల మధ్య సన్నగా తొక్కుడు పడిన జాడ వెంట తను ముందు నడిచింది. "నిదానం... నిదానం," అంటుంటే, కాసేపటికి నేను చెప్పనక్కరలేకుండానే పిల్లలందరూ "నిదానం, నిదానం" అని పాటలా అనుకుంటూ దిగసాగారు.

ఒకచోట తడిసిన నున్నటి బండ ఏటవాలుగా అడ్డం వచ్చింది. అమ్మ దాని అంచున కూర్చుని ఒక్కొక్కరినీ భుజం మీదుగా దించింది. ఆఖరున నేను మిగిలాను. కింద లోతు చూసి బండను రెండు చేతులా పట్టుకున్నాను. అమ్మ నాకు ముందుగా దిగసాగింది.

"కిందకి సూడకు. నా కాల్లు సూడు. నాను కాలు తీసిన సోట నువ్వెయ్యి."

చూశాను. వెడల్పాటి పాదాలు, మడమల నిండా పగుళ్లు, విడివిడిగా పరుచుకున్న వేళ్లు. మా బడికి వచ్చినప్పుడల్లా చీర కుచ్చిళ్లు కిందికి లాగమని నేను పోరుపెట్టి కప్పించిన పాదాలు. అవి రాతిని తడుముకుని, పట్టు దొరికాక గట్టిగా నిలిచి, ఖాళీ చేసి, నాకు చోటిచ్చాయి. అలా అడుగులో అడుగు వేసి దిగాను.

పొద్దు వాలకముందే పేడతో అలికిన ఇళ్ల పల్లె ఒకటి కనిపించింది. అక్కడివాళ్లు మరమరాలు, వేడి టీ ఇచ్చి, తపన్‌దాను ఎడ్లబండి ఎక్కించారు. తిరుగు రైల్లో మిఠూ మా అమ్మ ఒళ్లో తలపెట్టి, "మాసీమాకి ఇదంతా ఎవరు నేర్పారు?" అని నన్నడిగింది. అమ్మనడిగి చెప్పమంది. నేను అమ్మ పక్కన జరిగి కూర్చుని, పెట్టె అంతా వినేలా తెలుగులో అడిగాను.

"మా ఊరి కొండే నేర్పింది. కట్టెలకి ఎల్లీవోలం కదా," అంది అమ్మ, తనూ అంత గట్టిగానే. ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. చూడనీ అనుకున్నాను.

నిరుడు పూజ సెలవుల్లో మా అమ్మాయిని శుశునియా తీసుకెళ్లాను. నేను సగంలో చతికిలబడితే తను పైదాకా వెళ్లి వచ్చింది. మేకల దారి గురించి ఒక ముసలాయన్ని అడిగితే ఇప్పుడు అటువైపు ఎవరూ మేపడం లేదన్నాడు. ఏక్‌బాల్‌పూర్‌లో మా వరస ఇళ్లు లేవు, క్లబ్బు గది లేదు, తపన్‌దా లేరు. నాన్న అంతకుముందే పోయాడు, అమ్మ పోయి ఆరేళ్లయింది.

దిగి వస్తుంటే, "అమ్మమ్మ కట్టెలు కొట్టిన కొండ పేరేంటి?" అని అడిగింది మా అమ్మాయి. నాకు తెలియదు, సూరికీ తెలియదు. అన్నేళ్లు ఒకే గదిలో ఉండి నేను ఒక్కసారైనా అడగలేదు. ఫోనులో పటం తెరిచి, అమ్మ ఊరు అందులో కనపడక, శ్రీకాకుళం వైపు కొండలన్నీ వేలితో జరుపుతూ చాలాసేపు కూర్చున్నాం. వాటిలో ఏది అమ్మదో చెప్పేవాళ్లు ఎవరూ లేరు.